రెమింగ్టన్ 700 రైఫిల్‌కు కొత్త వాల్‌నట్ స్టాక్: ఎపాక్సీ బెడ్డింగ్‌పై సలహా కావాలి

నేను టెక్సాస్‌లోని హ్యూస్టన్ దగ్గర ఉంటాను. చట్టప్రకారం కొన్న నా .308 విన్‌చెస్టర్ రెమింగ్టన్ 700 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఇంట్లోనే వాల్‌నట్ స్టాక్ (తుపాకీ లోహ భాగాలు కూర్చునే చెక్క భాగం) అమర్చుకుంటున్నాను. బారెల్, బోల్ట్, ట్రిగ్గర్‌ల జోలికి వెళ్లను. అది శిక్షణ పొందిన గన్‌స్మిత్ చేయవలసిన పని. ఇక్కడి తేమకు చెక్క ఉబ్బి బారెల్‌ను ఒక పక్క తాకితే గుండు పడే చోటు మారిపోతుంది కాబట్టి, బారెల్ కింది గాడిని కాస్త వెడల్పు చేసి, రిసీవర్ (బోల్ట్ కదిలే లోహ భాగం) కింద అల్యూమినియం పిల్లర్లు, అంటే స్క్రూలు దూరే చిన్న గొట్టాలు పెట్టి, రిసీవర్ స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ వేయాలనుకుంటున్నాను; దీన్నే బెడ్డింగ్ అంటారు.

నా ప్రధాన సందేహం రీకాయిల్ లగ్ గురించి, అంటే బారెల్‌కూ రిసీవర్‌కూ మధ్య నుంచి కిందికి పొడుచుకువచ్చే లోహపు పలక గురించి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలం ముఖ్యంగా లగ్ వెనుక ముఖం ద్వారానే స్టాక్‌కు చేరుతుంది కనుక, ఆ ముఖం ఎపాక్సీకి పూర్తిగా ఆనుకోవాలన్నది స్పష్టమే. అయితే ముందు, పక్క, అడుగు భాగాలన్నిటికీ టేపు అంటించి సన్నని ఖాళీ వదలాలని కొందరు, అడుగుకు మాత్రమే చాలునని మరికొందరు చెబుతున్నారు. చెక్క స్టాక్‌పై స్వయంగా ఈ పని చేసినవారు ఏ పద్ధతి పాటించారు? పిల్లర్లను ముందుగా అతికించి, ఆరిన తరువాత బెడ్డింగ్ చేయాలా, లేక రెండూ ఒకేసారి చేయవచ్చా? స్టాక్ లోపలి భాగానికి ముందే నూనె పట్టిస్తే ఎపాక్సీ సరిగా అంటుకోదేమోనన్న అనుమానం కూడా ఉంది కాబట్టి, ఆ వరుసను కూడా దయచేసి వివరించగలరు.