రాత్రి షిఫ్టులో వెనుక తలుపుకు తాళం: యాజమాన్యాన్ని ఎలా ఒప్పించాలి?

షిఫ్టు ఇన్‌ఛార్జి, గాజువాక:
విశాఖ ఆటోనగర్‌లోని ఒక ప్యాకింగ్ యూనిట్‌లో రాత్రి షిఫ్టు నా బాధ్యత. థిన్నర్ (రంగును పల్చన చేసే, తేలిగ్గా అంటుకునే ద్రవం) డబ్బాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ చుట్టలు అన్నీ ఒకే షెడ్డులో ఉంటాయి. సరుకు పోతోందని యాజమాన్యం రాత్రిపూట వెనుక తలుపుకు తాళం వేయిస్తోంది. తాళంచెవి ముందు గేటులో గార్డు దగ్గర ఉంటుంది. గోడకు అంటించిన అత్యవసర ప్రణాళికలో మాత్రం ఆ తలుపునే బయటికి దారిగా చూపించారు. దొంగల భయాన్ని కాదనకుండా ఈ తాళం ఎలా తీయించాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సేఫ్టీ ఆఫీసర్, పరవాడ:
లోపల మనుషులు పనిచేస్తున్నంతసేపూ బయటికి వెళ్లే దారికి తాళం ఉండకూడదండి, అందులో రాజీ లేదు. దొంగతనానికి వేరే విరుగుడు ఉంది. తలుపుకు పానిక్ బార్ (లోపలి వైపు అడ్డంగా ఉండే, నెడితే గడియ తీసే కడ్డీ) బిగిస్తే లోపలి నుంచి ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది, బయటి నుంచి తెరుచుకోదు. దానికి అలారం కలిపితే ఎవరు తెరిచినా గార్డుకు వినిపిస్తుంది. ఈ మాటతో పాటే పొగ సంగతీ యాజమాన్యానికి చెప్పండి. ప్లాస్టిక్ కాలినప్పుడు వచ్చే నల్లటి పొగ మంట కంటే ముందే షెడ్డంతా కమ్ముకుంటుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని స్పృహ తప్పిస్తుంది, కాబట్టి కరెంటు పోయిన చీకట్లో గార్డు తాళంచెవి పట్టుకుని షెడ్డు చుట్టి వచ్చేదాకా ఆగే వ్యవధి ఎవరికీ ఉండదు. మన ఊరి ఉప్పుగాలికి గడియలు, మడతబందులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి గనుక వారానికోసారి ఆ తలుపు తెరిచి చూడడం కూడా అవసరం.

ఫైర్ సర్వీసు విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార:
థిన్నర్ అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు. అది నీటిపై తేలి మంటను ఇంకా పరుస్తుంది. ఫోమ్ గానీ డ్రై పౌడర్ గానీ వాడాలి. కరెంటు ప్యానెల్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంచండి, అయితే వాడేటప్పుడు దాని హారన్‌ను, అంటే గ్యాస్ బయటికొచ్చే గరాటు లాంటి మూతిని, చేత్తో పట్టుకుంటే విపరీతమైన చలికి చర్మం దెబ్బతింటుందని కుర్రాళ్లకు ముందే చూపించండి. 101కి ఫోన్ చేసేవారు ఏ గేటుకు రావాలో, ఏది కాలుతోందో, లోపల ఎందరున్నారో చెప్పగలగాలి.

షిఫ్టు ఇన్‌ఛార్జి, గాజువాక:
ధన్యవాదాలండి. ఎందరున్నారో చెప్పడమే మా దగ్గర కష్టం. కాంట్రాక్టు కూలీల హాజరు మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం షెడ్డు లోపలే ఉంటుంది. అలారం ఎవరు కొట్టాలన్నదీ ప్రణాళికలో లేదు.

సేఫ్టీ ఆఫీసర్, పరవాడ:
హాజరు పుస్తకం నకలు ఒకటి గేటులో ఇంకెవరి దగ్గరైనా తప్పక ఉండాలి. అలారానికి పైవారి అనుమతి అక్కర్లేదని, మంటను మొదట చూసినవారే కొట్టాలని ప్రణాళికలో రాయించండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు, సైరన్ ఉండి కూడా ఎవరూ మోగించలేదన్న సంగతి మనకు తెలిసిందే. మన తీరంలో గాలి పగలు తరచుగా సముద్రం వైపు నుంచి, రాత్రి నేల వైపు నుంచి వీస్తుంది కనుక పొగ రాని వైపుకు వెళ్లగలిగేలా, బయటపడ్డాక అందరూ చేరే చోటు కూడా రెండు దిక్కుల్లో రెండు పెట్టుకోండి. తొలి డ్రిల్‌ను (మంట వచ్చినట్టు అనుకుని బయటపడే అభ్యాసాన్ని) రాత్రి షిఫ్టులోనే, కాంట్రాక్టు కూలీలందరితో జరిపి, బయటపడడానికి ఎంతసేపు పట్టిందో యాజమాన్యానికి రాసి ఇవ్వండి.