పాత గాజు ఫ్లాస్కులు రోజువారీ వాడకానికి పనికివస్తాయో లేదో తేల్చుకోవడం ఎలా?

కృష్ణలంక వాసి, విజయవాడ:
నమస్కారం. మా నాన్నగారు దాచిన రెండు ఈగిల్ ఫ్లాస్కులు అటక మీద దొరికాయి. మరో రెండింటిని వన్ టౌన్‌లో పాత సామాన్లవాళ్ళ దగ్గర కొన్నాను. అమ్మ రాత్రివేళ రెండు మూడుసార్లు లేచి వేడినీళ్ళు తాగుతుంది కనుక వీటిని నిజంగా వాడాలని ఉంది. నాలుగింటిలోనూ గాజు పగలలేదు. అయితే ఒకదాని అడుగున తెల్లటి పొర ఉంది, ఇంకొకదానిలో వెండిపూత అక్కడక్కడ పోయి గాజు కనిపిస్తోంది. వీటిని ఎలా పరీక్షించాలి?

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు:
గాజు పగలకపోవడం ఒక్కటే చాలదండీ, లోపలి సీసాకు ఉండే రెండు గాజు గోడల మధ్య శూన్యం, అంటే గాలి లేని ఖాళీ, మిగిలి ఉందా అన్నదే అసలు ప్రశ్న. జేమ్స్ డ్యూయర్ 1892లో ఈ పాత్రను రూపొందించింది అతిశీతల ద్రవాల కోసం. 1904లో జర్మనీలో థర్మాస్ సంస్థ ఏర్పడ్డాక అది ఇళ్ళలోకి వచ్చింది. రెండు గాజు గోడల నడుమ గాలి తీసేసి, అడుగున ఉండే సన్నని గాజు మొనను కరిగించి మూసేస్తారు. ఆ మొన విరిగితే గాజు చెక్కుచెదరకుండా కనిపించినా లోపలికి గాలి చేరిపోయినట్టే.

కాబట్టి ముందు అడుగు మూత విప్పి, మొనను, దాని కింద ఉండే రబ్బరు గిన్నెను చూడండి. తరువాత గోరువెచ్చని నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబోయండి. చల్లటి పాత గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్ళు పోస్తే చిట్లిపోవచ్చు. మొదటిసారి ఫ్లాస్కును బకెట్‌లో నిలబెట్టి, చుట్టూ మందపాటి తువ్వాలు కప్పి, ముఖం దూరంగా పెట్టుకొని మరిగే నీళ్ళు పోయండి. బిరడా బిగించి, పది నిమిషాల తరువాత బయటి డబ్బా నడుమ భాగాన్ని చేత్తో తాకండి. మెడ దగ్గర కొంచెం వెచ్చగా ఉండడం సహజమే, ఎందుకంటే రెండు గోడలూ అక్కడే కలుస్తాయి. నడుమ కూడా వెచ్చబడిందంటే మాత్రం శూన్యం పోయినట్టే, ఇక దానికి మరమ్మతు లేదు. తాకినప్పుడు చల్లగానే ఉంటే 6 గంటల తరువాత వంటింటి థర్మామీటరుతో కొలవండి. నా లీటరు ఫ్లాస్కులో 95 డిగ్రీలకు పోసిన నీళ్ళు 6 గంటలకు 79 దగ్గర ఉంటాయి. వెండిపూత కొంత పోయినా శూన్యం నిలిచి ఉంటే, వేడి కాస్త త్వరగా తగ్గుతుందే తప్ప ఫ్లాస్కు పనికిరాకుండా పోదు.

పటమట గృహిణి:
తెల్లటి పొర చాలావరకు బోరు నీళ్ళ గారే అయి ఉంటుంది. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు రాత్రంతా ఉంచితే వదులుతుంది. బ్రష్‌తో, ఇసుకతో మాత్రం గీకకండి. బిరడా పాత వాసన వేస్తుంటే ఉంచుకోవద్దు, కొత్తది కొనుక్కోండి.

ఇంకో మాట తప్పక చెప్పాలి. చాలా పాత ఫ్లాస్కులలో రెండు గోడల మధ్య కనిపించే చిన్న బూడిదరంగు బిళ్ళలు ఆస్‌బెస్టాస్‌వి కావచ్చు. గాజు పగలనంత కాలం వాటితో ఇబ్బంది లేదు, పగిలితే మాత్రం చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, సంచిలో మూటకట్టి పారేయండి. పాలుగానీ పాలు కలిపిన టీగానీ గంటల తరబడి ఉంచకండి; వేడి 60 డిగ్రీల కన్నా తగ్గితే సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. అమ్మగారికి నీళ్ళే కనుక ఆ భయం లేదు.

కృష్ణలంక వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారి రెండింటిలో 6 గంటలకు 76, 71 వచ్చాయి. 71 వచ్చినది వెండిపూత పోయిన ఫ్లాస్కే. కొన్న రెండింటిలో ఒకదాని మొన విరిగి ఉంది, దాని నడుమ పది నిమిషాలకే వెచ్చబడింది. డబ్బా బాగుంది కనుక మెడ వెడల్పు, ఎత్తు కొలుచుకొని, దానికి సరిపడే రీఫిల్ (లోపల అమర్చే కొత్త గాజు సీసా) కోసం గవర్నరుపేటలో వెతుకుతాను. గార ఉన్న నాలుగోది ఇప్పుడు నిమ్మనీళ్ళలో నానుతోంది.