క్లాసులో పెట్టే చిన్న పరీక్షలకు మార్కులు వేయాలా, వద్దా?

సుద్దముక్క:
పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఏం అర్థమైందో చూసి, దాన్నిబట్టి మన బోధనను మార్చుకోవడమే నిర్మాణాత్మక మూల్యాంకనం. చివర్లో తీర్పు చెప్పే మూల్యాంకనం వేరు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త పాఠ్యప్రణాళికల విషయంలో ఈ తేడా చెప్పారు, తర్వాత విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ దాన్ని పిల్లల చదువుకు తెచ్చారు. ఈ చిన్న పరీక్షల మార్కులు కూడా రిజిస్టర్‌కెక్కితే ఇంక తేడా ఎక్కడుంది? మార్కులు వేయకూడదనే నా అభిప్రాయం.

లెక్కల మాస్టారు:
మార్కుల్లేకపోతే పిల్లలు రాయరు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. "ఇది మార్కులకేనా సార్?" అన్నదే మొదటి ప్రశ్న. కాదంటే సగం మంది పెన్ను మూసేస్తారు.

చివరి బెంచీ:
నేనూ మూసేసేవాణ్ని. రాకపోతే అందరి ముందూ చదివి వినిపిస్తారని భయం.

సుద్దముక్క:
మాస్టారూ, 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం చూడండి. కొందరికి మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మార్కు కనబడితే పిల్లలు పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు, మనం రాసింది చదవరు.

లెక్కల మాస్టారు:
వ్యాఖ్య రాస్తే చాలన్నట్టు మాట్లాడకండి. 1996లో క్లూగర్, డెనీసీ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు తగ్గింది. పెరగలేదు, తగ్గింది.

ఇద్దరు పిల్లల తల్లి:
మావాడి నోటుబుక్కులో ఆరు చోట్ల "ఇంకా బాగా చదవాలి" అని రాశారు. ఏం చదవాలో వాడికి తెలియదు, నాకూ తెలియదు. మీరు వ్యాఖ్య అంటున్నది ఇదేనా?

సుద్దముక్క:
కాదమ్మా. అది వ్యాఖ్య కాదు, చివాటు. నా క్లాసులో జరిగింది చెబుతాను. భిన్నాల కూడిక చెప్పాక చివరి ఐదు నిమిషాల్లో చీటీలిచ్చి 1/2 + 1/3 ఎంతో రాయమన్నాను. నలభై మందిలో పదిహేడు మంది 2/5 రాశారు. లవాలు ఒకవైపు, హారాలు ఒకవైపు కూడేశారన్నమాట. వాళ్లకు సున్నా వేస్తే ఏం తెలుస్తుంది? మర్నాడు కాగితం మడిచి చూపించి ఒక్కటే అడిగాను: "అరకు ఇంకొంత కలిపితే అర కంటే తగ్గుతుందా?" 2/5 అంటే సగం కూడా లేదని వాళ్లే పట్టుకున్నారు. ఆ రోజు కొత్త పాఠం మొదలుపెట్టలేదు.

లెక్కల మాస్టారు:
మీరు పాఠం ఆపగలిగారు, మీ అదృష్టం. నేనూ ఒకసారి ఇలాగే మూడు రోజులు ఆగాను. సిలబస్ వెనకబడిందని మెమో ఇచ్చారు. పిల్లలకు అర్థం కాలేదని చెబితే "రుజువేది?" అన్నారు. చీటీలు చూపిస్తే పక్కకు నెట్టేశారు. ఆ తర్వాత నుంచి నాకు మార్కులే కావాలి. అనుభవించినవాణ్ని నేను, నాకు స్క్రివెన్ గురించి చెప్పొద్దు.

సుద్దముక్క:
అంటే ఇన్ని పోస్టుల నుంచీ మీరు చెబుతున్నది పిల్లలు రాయరని కాదు. మార్కు మీకు రక్షణ అని.

లెక్కల మాస్టారు:
అవును. తప్పేముంది? కానీ ఇంకోటి కూడా చెప్పాలి. ఆ మార్కులతోనే నన్నూ కొలుస్తారు. క్లాసు సగటు తగ్గిందని పిలిస్తే ఏం చెప్పను? పోయినేడు పరీక్షకు ముందురోజు ప్రశ్నలు బోర్డు మీద రాసి చేయించాను. మార్కులు బాగానే వచ్చాయి. ఎవరికి ఏం రాదో మాత్రం నాకు తెలియకుండా పోయింది.

చివరి బెంచీ:
ఇది చదువుతుంటే బాధేసింది సార్.

సుద్దముక్క:
నేననేదీ అదే. టీచర్‌ని కొలవడానికి వాడిన రోజునే అది పిల్లల సంగతి చెప్పడం మానేస్తుంది. ఆ చీటీల మీద తేదీ వేసి దాచండి. వారం తర్వాత అదే లెక్క మళ్లీ ఇవ్వండి. రెండూ పక్కపక్కన పెడితే అంతకంటే రుజువేముంటుంది?

లెక్కల మాస్టారు:
చీటీలు చూసే ఓపిక ఎవరికుంది? వాళ్లు అడిగేది అంకె.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను చూస్తాను మాస్టారూ. మావాడి చీటీ ఇంటికి పంపండి, మార్కు వేయకుండా.