24 పాటలకు 2,22,000 డాలర్లు, 3 లక్షల పాటలకు ‘పెండింగ్’: ఇది ద్వంద్వ నీతి కాదా?

గ్రామఫోన్ గిరి:
కజా అనే ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్‌లో 24 పాటలు పంచుకున్నందుకు మిన్నెసోటా మహిళ ఒకరిని రికార్డు కంపెనీలు కోర్టుకీడ్చాయి. జ్యూరీ 2007లో 2,22,000 డాలర్లంది, 2009లో 19.2 లక్షలంది, 2010లో 15 లక్షలంది. చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి అంకెనే ఖాయం చేసింది. పాటకు 9,250.

ఇప్పుడు కెనడా చూడండి. సోనీ బీఎంజీ, ఈఎంఐ, యూనివర్సల్, వార్నర్‌ల కెనడా శాఖలు సంకలనాలూ లైవ్ ఆల్బమ్‌లూ ముందు అమ్మేసి, అనుమతి రాని పాటల్ని ‘పెండింగ్ లిస్టు’లో రాసుకుంటూ పోయాయి. ఆ చిట్టా 3 లక్షల పాటలకు చేరింది. 2008లో ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ వారసుల పేరున క్లాస్ యాక్షన్ (నష్టపోయిన అందరి తరఫునా వేసే ఉమ్మడి దావా) దాఖలైతే, 2011లో సుమారు 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తాను చేస్తే శృంగారం, ఎదుటివాడు చేస్తే వ్యభిచారం అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వాయిద్యం77:
గిరి గారూ, పోలిక కుదరదు. పాటలు పంచుకున్నవాళ్లు ఎవరికి ఎంత బాకీయో ఎక్కడా రాసుకోలేదు. కంపెనీలు రాసుకున్నాయి, హక్కుల సంఘాలకూ ఈ పద్ధతి తెలుసు. పైగా కెనడాలో 1988 దాకా కంపల్సరీ లైసెన్సు ఉండేది, చట్టం చెప్పిన రుసుము కట్టి సీడీ కొట్టుకోవచ్చు. అది ఎత్తేశాక ప్రతి హక్కుదారునీ విడిగా అడగాల్సి వచ్చింది. నలుగురు రాసిన పాటకు నలుగురు పబ్లిషర్లుంటే (అంటే రచయితల తరఫున హక్కులు చూసే కంపెనీలు) విడుదల తేదీ ఆగుతుందా?

లైసెన్సు లత:
ఆగాలి. ఆపలేకపోతే ఆ పాటైనా తీసెయ్యాలి.

పాట రాసినవాళ్ల హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. రికార్డింగు చేతిలో ఉన్నంత మాత్రాన సీడీ కొట్టడానికి వీల్లేదు, మెకానికల్ లైసెన్సు, అంటే పాటను కాపీలు కొట్టడానికి రాసినవాళ్ల పక్షం ఇచ్చే అనుమతి, కావాలి. దానికి పాట పేరు, రాసినవాళ్లు, ఎవరి వాటా ఎంత శాతం, పబ్లిషరు, కాపీల సంఖ్య ఇవ్వాలి. బెడిసేది ఎక్కువగా శాతాల దగ్గరే. సహరచయితలు చెప్పే వాటాలన్నీ కలిపితే 100 దాటుతుంది, పబ్లిషరు కంపెనీ చేతులు మారి ఉంటుంది, లేదా పేరు స్పెల్లింగు తేడాతో ఒకే పాట రెండు ఎంట్రీలవుతుంది. ఇవి నిజమైన ఇబ్బందులే, కాదనను. కానీ 25 శాతం తగాదాలో ఉంటే తేలిన 75 శాతం కట్టొచ్చు, మిగతాది మూడో చేతిలో పెట్టొచ్చు. డబ్బు కంపెనీ దగ్గరే ఉంటే లిస్టు తగ్గించాలన్న తొందర దానికెందుకు? కొట్టువాడు రాయాల్సిన ఖాతా కొనుక్కున్నవాడే రాసుకుని, తీర్చే తేదీ కూడా తనే నిర్ణయించుకున్నట్టుంది.

గ్రామఫోన్ గిరి:
లెక్క కూడా వేసుకోండి. అప్పటి కెనడా చట్టంలో స్టాట్యుటరీ డ్యామేజీలు, అంటే చట్టమే ముందుగా హద్దులు పెట్టిన పరిహారం, ఒక్కో కృతికి (ఇక్కడ ఒక్కో పాటకు) 500 నుంచి 20,000 డాలర్లు. 3 లక్షల పాటలకు గరిష్ఠం 600 కోట్లు. కట్టింది 5 కోట్లు, అంటే పాటకు 167 కూడా లేదు.

వాయిద్యం77:
600 కోట్లనేది పేపర్ల హెడ్డింగు లెక్క. ఒకే సీడీలో అనేక పాటలుండి మొత్తం మరీ అన్యాయంగా తేలితే 500 కన్నా తగ్గించే అధికారం కెనడా కాపీరైట్ చట్టం సెక్షన్ 38.1(3) కింద జడ్జికి ఉంది. అటు జ్యూరీ తీర్పు, ఇటు రాజీ. దేశాలూ వేరే, డాలర్లూ వేరే. ఇంకోటి, 2012 సవరణతో కెనడాలో వ్యాపారం కాని ఉల్లంఘనకు అన్ని కృతులకూ కలిపి 100 నుంచి 5,000 మాత్రమే. వ్యాపారానికైతే కృతికి 20,000 దాకా పాతదే.

గ్రామఫోన్ గిరి:
జడ్జి ఎంత తగ్గించేవాడో తేలకుండానే రాజీ అయింది కదా! మిన్నెసోటా కేసులో అంకె మూడుసార్లు జ్యూరీ ముందుకు వెళ్లింది. నేనడిగేది అదే: ధర కూర్చుని మాట్లాడుకునే వెసులుబాటు ఎవరికి దొరికింది?

పల్లవి_చరణం:
మన భారత కాపీరైట్ చట్టంలో ఈ వరస తిరగేసి ఉంది. సెక్షన్ 31సి ప్రకారం కవర్ వెర్షన్‌కు (పాత పాటను కొత్తగా పాడించి చేసే రికార్డుకు) అసలు రికార్డింగు వచ్చి 5 ఏళ్లు నిండాలి, ముందే నోటీసివ్వాలి, కృతికి ఏటా కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందుగానే కట్టాలి. ‘అమ్మాక చూద్దాం’ కుదరదు.

లైసెన్సు లత:
పల్లవి గారూ, అది కొత్తగా పాడించిన కవర్‌కే. పాత రికార్డింగునే సంకలనంలో పెడితే 31సి పనికిరాదు. అక్కడ చూడాల్సింది రచయితతో, సంగీత దర్శకుడితో రాసుకున్న ఒప్పందం, అది మన చట్టానికి 2012లో చేసిన సవరణకు ముందుదా తర్వాతిదా అన్నది. కెనడా కేసు గొడవలో సంకలనాలూ ఉన్నాయి కాబట్టి మనవాళ్లు సేఫ్ అనుకోకండి.