స్విఫ్ట్ ముందు షాకబ్జర్లు: రీకండిషనా, కొత్తవా?

సత్తుపల్లి_స్విఫ్ట్:
అన్నలూ, నాది 2013 స్విఫ్ట్ డీజిల్, లక్ష కిలోమీటర్లు దాటింది. రోజూ బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీదే పని. గుంతలో పడితే ముందు కుడివైపు టక్కుమంటోంది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఊగుతూనే ఉంటోంది. షాకబ్జర్ గొట్టం మీద ఆయిల్ కారి, దుమ్ము పట్టి ముద్దయింది. రీకండిషన్ ఒక్కోటి 900 అంటున్నాడు మెకానిక్. కొత్త జత బిగింపుతో 7,000 దాకా. వచ్చే ఏడాది బండి అమ్మేద్దామనుకుంటున్నా. మా నాన్నేమో "బైకు ఫోర్కులకి సీళ్లు మార్పించట్లేదా, ఇదీ అంతే" అంటాడు.

ఆటోనగర్_బాబాయ్:
నాన్నగారి మాట ఫోర్కుల వరకూ కరెక్టే తమ్ముడూ. ఫోర్కుని విప్పి బిగించుకునేలాగే తయారు చేస్తారు. మీ స్ట్రట్ (కారు ముందుండే షాకబ్జర్) మూత మాత్రం ఫ్యాక్టరీలోనే నొక్కి మూసేస్తారు. రీకండిషన్ అంటే దాన్ని కోసి, ఏదో ఆయిల్ పోసి, సీలు మార్చి వెల్డింగ్ పెట్టడం. గ్యాస్ రకమైతే కోయగానే నైట్రోజన్ పోతుంది, మళ్లీ నింపే సరంజామా చిన్న షాపుల్లో ఎక్కడిది? గ్యాస్ లేకపోతే గుంతల రోడ్డు మీద ఆయిల్ నురగెత్తి పట్టు పోతుంది. పైగా సీలు ఊరికే పోదు. డస్ట్ కవర్ చిరిగితే దుమ్ము షాకబ్జర్ రాడ్డు మీది క్రోమ్‌ని గీకేస్తుంది. గీతలు పడ్డ రాడ్డు కొత్త సీలునీ తినేస్తుంది.

టక్కుమనేది మాత్రం షాకబ్జరే అని తీర్మానించకండి. లింక్ రాడ్డు (బండి ఒరగకుండా పట్టే బారుకి ఉండే చిన్న కడ్డీ), పై మౌంటు (స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టించేది), లోయర్ ఆర్మ్ బుష్షు (చక్రాన్ని కింద పట్టే ఆర్మ్‌లోని రబ్బరు) చూపించండి. లింక్ రాడ్డు చవక, ముందు అదే చూడమనండి.

జిప్సీ_రాజు:
బాబాయ్, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ర్యాలీల కోసం చేసే బిల్‌స్టీన్, ఓలిన్స్ లాంటి వాటిలో విప్పి సర్వీసు చేసే రకాలున్నాయి. వాటికి సీలు కిట్లు దొరుకుతాయి, రీబిల్డ్ లాభమే. స్విఫ్ట్ కంపెనీ స్ట్రట్‌కి ఆ లెక్క పనికిరాదు.

కోదాడ_టాక్సీ:
నేను పాత ఇండికాకి వెనకవి రీకండిషన్ చేయించా. వానాకాలం గడిచింది, మళ్లీ కారింది. స్క్రాప్‌కి పోయే బండి కాబట్టి నాకు బాధ లేదు.

సత్తుపల్లి_స్విఫ్ట్:
చక్రం విప్పి చూశాం. కుడి రాడ్డు మీద గోటికి తగిలేంత గీతలు, లింక్ రాడ్డు బాల్ జాయింటు కూడా లూజే. ఎడమది పొడిగా ఉంది. కుడిది ఒక్కటే మారిస్తే చాలదా?

ఆటోనగర్_బాబాయ్:
వద్దు. కొత్తదొకటి, అరిగిందొకటి అయితే బ్రేకు కొట్టినప్పుడు, మలుపులో బండి రెండువైపులా ఒకేలా పట్టదు. జతే మార్చండి. ఎలాగూ విప్పుతారు గనక మౌంటు బేరింగు, బంప్ స్టాపు (గట్టి కుదుపుకి స్ట్రట్ అడుక్కి గుద్దుకోకుండా ఆపే రబ్బరు), డస్ట్ కవరు చూసి అరిగినవి అప్పుడే వేయించండి, తర్వాత వేస్తే మళ్లీ కూలి. స్ప్రింగుని కంప్రెసర్‌తోనే నొక్కాలి, తాళ్లు కట్టి విప్పుతానంటే బండి వెనక్కి తెచ్చేయండి. బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. అమ్మేదే కదా అంటారా? కొనేవాడు బానెట్ మూల నొక్కి చూస్తాడు, బండి ఊగుతూనే ఉంటే అక్కడే పదివేలు తగ్గించి అడుగుతాడు.