దిబ్బ మీద మంచినీళ్లు, ఇవతల ఉప్పునీళ్లు: మ్యాప్ ఎలా గీయాలి?

జాగ్రఫీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చెప్పండి. నేను పీజీ చదువుతున్నా, మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర. ప్రాజెక్టుకి మా ఊరి నీళ్లే తీసుకున్నా. సముద్రం పక్కనున్న ఇసుక దిబ్బ మీద చేతిపంపు నీళ్లు తియ్యగా ఉంటాయి, ఇవతల రొయ్యల గుంటల దగ్గర బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతుందనీ, సముద్ర మట్టానికి పైన మీటరు మంచినీరుంటే కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉంటుందనీ చదివా. అంటే దిబ్బ తవ్వేసినా, మోటార్లతో తెగ తోడినా మొదటికే మోసం. దీన్ని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పెట్టించాలని ఉంది, ఉత్త మాటలకి ఎవరూ వినరు, మ్యాప్ కావాలి.

గుంటలు ఎలా పెరిగాయో ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలతో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గీసుకోగలను. చిక్కంతా ఎత్తుల దగ్గరే. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం 30 మీటర్ల డేటా (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు) సరుగుడు తోటల తలల్నే నేల అనుకుంటోంది, దిబ్బ అసలు ఆనడం లేదు. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే సర్వే పరికరం) అద్దెకి తెచ్చి కొలవడమేనా, ఇంకేమన్నా ఉందా? బావుల్లో ఈసీ (ఉప్పదనం తెలిపే విద్యుత్ వాహకత) ఎప్పుడు చూడాలి, ఈశాన్య రుతుపవనాల వానలయ్యాకా, మే ఎండల్లోనా, రెండుసార్లూనా? గైడ్‌ని అడిగితే నీ ఇష్టం అంటారు. తీరంలో ఇలాంటి పని చేసినవాళ్లుంటే, ఒక ఊరికి ఎన్ని బావులు సరిపోతాయో కూడా చెప్పండి.