అరవై దాటిన అమ్మానాన్నలతో లద్దాఖ్ గోంపాలకు: రోడ్డు మీదా, విమానంలోనా?

కందుకూరు అబ్బాయి
అందరికీ నమస్కారం. ఇంట్లో తేలని గొడవ ఒకటి ఇక్కడ పెడుతున్నాను, ఆ దారులు తెలిసినవాళ్ళు చెప్పండి. నాన్నకు 68, అమ్మకు 63. ఇద్దరూ బీపీ మాత్రలు వేసుకుంటారు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంతకు మించి ఇబ్బందులేమీ లేవు. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్షా ఉత్సవం జరిపినప్పుడు వెళ్ళొచ్చారు, అప్పటినుంచి ఆ మంచుకొండల్లో గోంపాలు, అంటే బౌద్ధ మఠాలు, చూడాలని ఒకటే కోరిక. లామయూరు, ఆల్చి, కుదిరితే హిమాచల్ వైపు స్పితిలో తాబో. తమ్ముడేమో విమానం ఎక్కించి లేహ్‌లో దించేద్దాం అంటాడు. బావేమో రోడ్డు మీద పోతేనే అది యాత్ర అంటాడు, ఆయనకు తెలిసిన ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ప్యాకేజీ కూడా మాట్లాడేశాడు: ఢిల్లీ నుంచి మనాలి, మర్నాడు రాత్రి సర్చులో టెంట్లు, ఆ మర్నాటికి లేహ్. సెప్టెంబరులో వెళ్దామని అనుకుంటున్నాం. ఏది మంచిది?

కోవూరు బుల్లెట్
అన్నా, ఇంకో మాట లేకుండా మనాలి రోడ్డు. నేను బండి మీద వెళ్ళొచ్చాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. 2020లో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది, 9 కిలోమీటర్లు కొండ లోపలే వెళ్ళి అవతల లాహౌల్‌లో తేలతాం. అక్కడినుంచి బారాలాచా, లాచులుంగ్, తంగ్‌లాంగ్ లా (లా అంటే కనుమ), ఒకదాన్ని మించి ఒకటి. తంగ్‌లాంగ్ లా 5,328 మీటర్లు, ఆ జెండాల దగ్గర నిలబడితే ఎందుకు బతుకుతున్నామో అర్థమవుతుంది. ఢిల్లీలో ఎక్కి గంటన్నరలో లేహ్‌లో దిగితే ఏం చూసినట్టు? పాతకాలంలో బిక్షువులు ఆ కనుమలు నడిచే దాటారు, మీ నాన్నగారు కార్లో కూర్చుని దాటలేరా? మీ బావగారిది సరైన మాట.

సిస్టర్, నెల్లూరు
బుల్లెట్ తమ్ముడూ, నీకు ఎన్నేళ్ళో తెలియదు గానీ అడిగిన ఆయన చెప్పిన వయసులు 68, 63. నేను ఐసీయూలో పనిచేసే నర్సుని, అందుకే వచ్చి రాస్తున్నా.

రోడ్డా విమానమా అన్నది తర్వాత సంగతి. ముందు అడగాల్సింది ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారు అని. పగలు ఒక కనుమ ఎక్కి దిగేస్తే ఒంటికి పెద్దగా పట్టదు, రాత్రంతా అదే గాలి పీలుస్తూ పడుకుంటేనే తేడా చేస్తుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తిగా ఆగాలని డాక్టర్లు చెప్పే లెక్క. ఇప్పుడు ఆ ప్యాకేజీ చూడండి. మనాలి సుమారు 2,000 మీటర్లు, మర్నాడు రాత్రే సర్చు, అది దాదాపు 4,290. ఒక్క రాత్రిలో 2,000 మీటర్ల పైన పెంచేశారు, అదీ సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనుషులకు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ప్యాకేజీలు అమ్మేవాళ్ళు చెప్పరు. ఎత్తు పడక తలనొప్పి, వాంతులు మొదలై ముదిరితే, అంటే కూర్చున్నా ఆయాసం రావడం, నడక తూలడం, మాట తడబడడం కనిపిస్తే, అసలు మందు కిందికి దిగిపోవడమే. సర్చు నుంచి ఎటు దిగుతారు? మనాలి వైపు తిరగాలంటే 4,890 మీటర్ల బారాలాచా ఎక్కాలి. లేహ్ వైపు పోవాలంటే లాచులుంగ్, తంగ్‌లాంగ్, రెండూ 5,000 పైనే. అర్ధరాత్రి మనిషికి ఊపిరి ఆడకపోతే, దిగాలంటే ముందు ఇంకా ఎక్కాలి. అందుకే పెద్దవాళ్ళతో ఆ రోడ్డులో సర్చు రాత్రి వద్దంటే వద్దు.

ఎత్తు పడకపోవడానికి వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నా: అది సాయం చేస్తుంది, నిజమే, కానీ మీ అమ్మానాన్నలు ఇప్పటికే బీపీ మాత్రలు వాడుతున్నారు, ఇలాంటి సల్ఫా రకం మందులు పడని ఒళ్ళు కూడా కొందరికి ఉంటుంది. రోజూ చూసే డాక్టరు దగ్గరికి మాత్రల చీటీ తీసుకెళ్ళి అడగండి, మెడికల్ షాపులో అడిగి కొనకండి.

గుండ్లకమ్మ గట్టు
ఈ చర్చలో నా మాట వేరుగా ఉంటుంది, కోప్పడకండి. మాస్టారు మన వైపే ఉన్న దొనకొండ మండలం చందవరం చూశారా? గుండ్లకమ్మ పక్కన సింగరకొండ మీద రెండంచెల మహాస్తూపం. 1964లో బయటపడింది, 1972 నుంచి 77 దాకా తవ్వారు. కాశీ నుంచి కంచికి నడిచి వెళ్ళే బౌద్ధులు ఆగి సేదతీరిన చోటు అది. అక్కడి మ్యూజియంలోంచి దొంగలెత్తుకుపోయిన శిల్పం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులది, చేతులు మారి మారి 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి అమ్ముడుపోయింది, 2016లో వాళ్ళు మనకు తిరిగిచ్చారు. పరాయి దేశం వాళ్ళు డబ్బు పోసి కొన్న రాయి మన ఇంటి ముందుది. మన పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళం, లద్దాఖ్ అంటే మాత్రం లక్షలు పెడతాం. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

కందుకూరు అబ్బాయి
గట్టు అన్నా, నాన్న బడిపిల్లలను చందవరం తీసుకెళ్ళేవారు, స్తూపం చుట్టూ తిప్పి పాఠం అక్కడే చెప్పేవారట. ఇక్కడ చూసిన బౌద్ధం అక్కడ ఎట్లా ఉందో చూడాలనే ఆయన అడుగుతున్నది.

ఆత్మకూరు అక్క
రోడ్డు గురించి మగవాళ్ళు ఎంత రాసినా ఒక మాట మాత్రం రాయరు. బాత్రూములు. కొండదారిలో ఎనిమిది తొమ్మిది గంటలు బండిలో కూర్చోవాలి, దారిలో చెట్టు కూడా ఉండదు, రాళ్ళ చాటు తప్ప చాటు లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అక్కడ కూర్చుని లేవాలి. ఆ భయానికి ఆడవాళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, నీళ్ళు తాగకపోతే ఆ ఎత్తులో తలనొప్పి రెట్టింపు. మా ఇంట్లో పెద్దావిడ పడ్డ కష్టం నాకు తెలుసు, అదంతా యాత్ర పుణ్యం కింద రాసుకోమంటే నేను ఒప్పుకోను. విమానంలో వెళ్ళండి, లేహ్‌లో 48 గంటలు గది దాటకుండా పడుకోండి, అక్కడి అధికారులు చెప్పేది కూడా అదే. ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది, ఆక్సిజన్ ఉంది, టెన్షన్ లేదు.

సింగరాయకొండ స్టేషన్
అక్క చెప్పిన బాత్రూముల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా నేను రోడ్డు వైపే నిలబడతాను, కాకపోతే బావగారి రోడ్డు కాదు. శ్రీనగర్ రోడ్డు.

మా అమ్మను ఆ దారిలోనే తీసుకెళ్ళాను. ఆ దారి మనిషిని మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు. మొదటి రాత్రి సోనామార్గ్, 2,700 పైచిలుకు. 2025 జనవరిలో అక్కడ కొత్త టన్నెల్ తెరిచారు కాబట్టి ఆ ముక్క ఇప్పుడు సుఖం. మర్నాడు జోజిలా, అది 3,528 మీటర్లు, రోడ్డు బాగోదు, మనసు కుదురుగా పెట్టుకుని కూర్చోవాలి, కానీ పగలే దాటి మళ్ళీ దిగి కార్గిల్‌లో పడుకుంటాం, 2,676. మూడో రోజు నమికా లా, ఫోతు లా దాటాలి. ఈ రోడ్డు మొత్తానికి ఎత్తయినది ఫోతు లానే, 4,108. అది దిగగానే లామయూరు. అక్కడ పగలు చూసుకుని, పడుకోవడానికి మాత్రం ఇంకా కిందికి ఆల్చికి వెళ్ళిపోవాలి, 3,100. ఆ తర్వాతే లేహ్, 3,500. సిస్టర్ గారి లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. రాత్రిళ్ళ మధ్య పెద్ద గెంతు ఎక్కడా లేదు.

యాత్ర అన్న మాటకు వస్తే, కార్గిల్ దాటి 40 కిలోమీటర్లకు ముల్బెక్ వస్తుంది. రోడ్డు పక్కనే నిటారుగా ఒక బండ, దాని మీద చెక్కిన మైత్రేయుడు, అంటే రాబోయే బుద్ధుడు, నాలుగైదు నిలువుల ఎత్తు. కార్గిల్ నుంచి వచ్చేవాళ్ళకు ఆ దారిలో ఎదురయ్యే మొదటి పెద్ద బుద్ధ రూపం అదే. మా అమ్మ బండి దిగి చేతులు జోడించి మెడ వెనక్కి వంచి చూస్తూ నిలబడిపోయింది, నాలుగు చేతులున్నాయేందిరా అని అడిగింది. విమానంలో వచ్చినవాళ్ళకు లేహ్‌లో ఒకేసారి అన్నీ కనబడతాయి. రోడ్డు మీద ఒక ఊళ్ళో మసీదులు, తర్వాతి ఊళ్ళో మసీదూ గోంపా పక్కపక్కన, ఆ పైన తెల్ల స్తూపాల వరసలు, ఆ దేశం నెమ్మదిగా మారడం కళ్ళతో చూస్తాం.

ఆల్చి గురించి ఎంత రాసినా తక్కువే. బయటినుంచి చూస్తే మట్టి, చెక్క కట్టడం, వంగి లోపలికి వెళ్ళాలి. మూడంతస్తుల గుడిలో మూడు వైపులా అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, మంజుశ్రీ, తలలు పై అంతస్తులోకి పోయేంత ఎత్తు. నడుముకు కట్టిన పంచెల మీదే బొమ్మలు. ఒకాయన పంచె నిండా గుళ్ళూ రాజభవనాలూ, ఇంకో పంచె మీద బుద్ధుడి కథ. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, టార్చి వెలుగులో కాసేపు చూసి రావాలి, అదే మంచిది కూడా. ఏ గోంపాలోనైనా గోడల మీదో, వేలాడే పటాల్లోనో తల వెనక పాము పడగలతో ఒక బిక్షువు కనిపిస్తే మాస్టారికి చూపించండి. అది ఆచార్య నాగార్జునుడు. మన కృష్ణ ఒడ్డు మనిషిని అక్కడ రోజూ తలుచుకుంటారు.

తిండి గురించి ఒక మాట. అక్కడ నీళ్ళు 100 డిగ్రీలకు మరగవు, లేహ్ ఎత్తులో 88 దగ్గరే తెర్లిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు పోదు. చిన్న కుక్కరు పట్టుకెళ్ళండి. పచ్చడి ప్యాకెట్లు పైకి వెళ్ళేకొద్దీ ఉబ్బిపోతాయి, మావి ఫోతు లా మీద దిండ్లలాగా అయ్యాయి. సీసాలో అయితే మూత వదులు చేసి మళ్ళీ బిగించుకోండి.

కోవూరు బుల్లెట్
సిస్టర్ గారూ, సర్చు గురించి మీరన్నది ఒప్పుకుంటా, పెద్దవాళ్ళకు ఆ రాత్రి కష్టం. కానీ కేలాంగ్ 3,080 మీటర్లే, జిస్పా దాని పక్కనే. అక్కడ రెండు రాత్రులు ఆగి, తెల్లవారుజామున బయల్దేరి ఒకే రోజులో లేహ్ చేరొచ్చు. ఇక శ్రీనగర్ మాటంటారా, 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఉగ్రదాడి మర్చిపోయారా? ఆ దుఃఖం మన జిల్లా దాకా వచ్చింది. అమ్మానాన్నలను అటు తీసుకెళ్ళమని నేనైతే చెప్పలేను.

సిస్టర్, నెల్లూరు
జిస్పా నుంచి లేహ్ ఒక్క రోజులో అంటే పన్నెండు గంటలకు పైగా బండిలో, అందులో చాలాసేపు 4,500 పైనే. దారిలో బండి చెడినా, వరద నీళ్ళు రోడ్డు మీదికొచ్చినా ఆ రాత్రి మళ్ళీ సర్చులోనో పాంగ్‌లోనో. పాంగ్ ఇంకా ఎత్తు. 25 ఏళ్ళవాడికి సరే, 68 ఏళ్ళ మనిషికి నేను ఒప్పుకోను.

కందుకూరు అబ్బాయి
రాత్రి ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. బావ సర్చు ప్యాకేజీ వదిలేశాడు. కానీ అమ్మ కశ్మీర్ పేరు ఎత్తగానే వద్దంది. ఎంత చెప్పినా వినలేదు, నేనూ బలవంతం చెయ్యను. నాన్న ముఖం వాడిపోయింది. ఇప్పుడు మిగిలింది విమానమేనా?

సింగరాయకొండ స్టేషన్
అమ్మగారి భయానికి వాదన జవాబు కాదు, ఆవిడ మనసుకు నెమ్మది లేకుండా ఏ గుళ్ళో ఏం దండం పెడతారు. విమానంలోనే వెళ్ళండి. ఒక్క మార్పు చెయ్యండి చాలు: లేహ్‌లో దిగి అక్కడ గది తీసుకోవద్దు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఆల్చికి దిగిపోండి, 65 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, దారిలో నిమ్ము దగ్గర సింధు, జాన్‌స్కార్ కలిసే చోటు వస్తుంది. లేహ్ కంటే 400 మీటర్లు తక్కువలో పడుకుంటారు. అక్కడే రెండు మూడు రాత్రులు ఉండి, ఒళ్ళు కుదుటపడ్డాక లామయూరు పగలు చూసి వెనక్కి రండి. లేహ్ చివర్లో. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు, దిగిన మర్నాడే ఫొటో కోసం 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా ఎక్కుతారు. మీకు ఆ పని వద్దు.

సిస్టర్, నెల్లూరు
ఇది మంచి ఏర్పాటు. మొదటి రెండు రోజులు మెట్లు ఎక్కించకండి, తలస్నానం చన్నీళ్ళతో చెయ్యనివ్వకండి. ఆకలి లేదంటే పట్టించుకోండి, అది మొదటి గుర్తుల్లో ఒకటి.

ఆత్మకూరు అక్క
ఆల్చిలో హోటళ్ళు ఉన్నాయి, కమోడ్ ఉన్న గది, కింద అంతస్తులోదే అడగండి.

కోవూరు బుల్లెట్
అంతా బాగుంది, మాస్టారి రోడ్డు మాత్రం పోయింది. నాకు అది నచ్చలేదు.

సింగరాయకొండ స్టేషన్
పోలేదు తమ్ముడూ, తాబో మిగిలింది కదా. దాన్ని ఈ ప్రయాణంలో కలపకండి, ఇంకో ఏడాదికి పెట్టుకోండి. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్ళే రోడ్డు నెమ్మదిగా ఎక్కుతుంది: రాంపూర్, సాంగ్లా, కల్పా, అన్నీ 3,000 లోపే. అన్నిచోట్లా ఆగుతూ వెళ్ళొచ్చు, కల్పా కిటికీలోంచి కిన్నర్ కైలాస్ కనిపిస్తుంది. ఆ పైన తాబో, 3,280. నాకోలో పడుకోకండి, అది తాబో కంటే ఎత్తు. 996లో కట్టిన మట్టి గుడి, వెయ్యేళ్ళు నిండినప్పుడు 1996లో దలైలామా కాలచక్ర జరిపింది అక్కడే. పదేళ్ళకు అదే అమరావతిలో జరిగింది, మాస్టారు చూసింది. వచ్చేటప్పుడు కుంజుమ్ కనుమ మీదుగా మనాలి దిగుదామని ఎవరన్నా అంటే ఊరుకోకండి, వెళ్ళిన దారినే వెనక్కి రండి.

కందుకూరు అబ్బాయి
నాన్నకు ఇది చదివాను. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా టిక్కెట్లు ఇప్పుడే చూడమంటున్నారు, తాబోకి. లేహ్ విమానం తమ్ముడు చూస్తున్నాడు. సిస్టర్ గారూ, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, మాత్రల చీటీతోపాటు ఇంకేమన్నా తీసుకెళ్ళాలా?

సిస్టర్, నెల్లూరు
పాత ఈసీజీ, ఎకో ఉంటే తీసుకెళ్ళండి. బీపీ మాత్రల్లో నీరు పోయే మాత్ర ఏదన్నా ఉందేమో విడిగా అడగండి. వెళ్ళే ఎత్తులు, పడుకునే ఊళ్ళు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, లద్దాఖ్ అని ఒక్క మాట చెప్తే సరిపోదు.